అడవి ఉల్లిలో ఒకచోట 20, మరోచోట 30 క్రోమోసోములు: ఇవి రెండు జాతులా?

ముందుగా మీ ప్రశ్నను ఇతరులకూ తెలిసేలా క్లుప్తంగా చెబుతాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మీరు రెండు చోట్ల నుంచి అడవి ఉల్లి గడ్డలు తెచ్చారు. మన వైపు చాలామంది దీన్నే నక్కవుల్లి అంటారు. మొదటి చోటు మైపాడు వైపు సముద్రతీరపు ఇసుకలో సరుగుడు తోటల అంచు. రెండవది ఉదయగిరి దుర్గం దిగువన ఉన్న గులకరాళ్ల ఎర్రనేల. వేరుకొనలను నలిపి చేసిన స్లైడులో, అంటే స్క్వాష్‌లో, తీరపు గడ్డలకు 20 క్రోమోసోములు, గుట్టల కింది గడ్డలకు 30 చొప్పున కనిపిస్తున్నాయి. తీరపు గడ్డల్లో ఒకదానికి మాత్రం ఆ 20తో పాటు చుక్కంత తునక ఒకటి అదనంగా ఉంది. స్లైడు సరిగా రాలేదని మీ గైడు అంటున్నారు, కొత్త జాతి దొరికిందని మీ స్నేహితుడు అంటున్నారు, ఎవరి మాట నమ్మాలో చెప్పమని మీరు అడిగారు.

ఇద్దరి మాటా నిలిచేలా లేదు. అడవి ఉల్లి, అంటే డ్రిమియా ఇండికా, పాత పేరు ఉర్జీనియా ఇండికా, మూల సంఖ్య (ఒక జట్టులోని క్రోమోసోముల సంఖ్య) 10గా ఉన్న మొక్క. మన దేశంలోని వేర్వేరు జనాభాల్లో దీనికి 20, 30, 40 క్రోమోసోములు ఉన్నట్టు దశాబ్దాలుగా నమోదవుతూనే ఉంది. కాబట్టి మీ 30 ఒక త్రయస్థితిక మొక్క, అంటే మూడు జట్ల క్రోమోసోములున్న మొక్క, లెక్కకు సరిగ్గా సరిపోతుంది. అయితే ‘తీరంలో 20, గుట్టల్లో 30’ అని పట్టికలో రాసి ప్రాజెక్టు ముగించారంటే, చేయవలసిన పనిలో తేలిక భాగం మాత్రమే చేసినట్టవుతుంది. ఆ 30 ఎలా వచ్చింది, విత్తనం కట్టడం కష్టమైన ఆ మొక్క అక్కడ ఎలా నిలబడుతోంది అన్నవే అసలు ప్రశ్నలు.

పాత సాహిత్యం వెతికేటప్పుడు పేర్లతో జాగ్రత్త పడండి. మన సామర్లకోటలో పనిచేసి, తరువాత 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ అడవి ఉల్లికి పెట్టిన పేరు సిల్లా ఇండికా. కుంత్ దాన్ని ఉర్జీనియాలోకి, 1977లో జెస్సప్ డ్రిమియాలోకి మార్చారు. కానీ బేకర్ అదే సిల్లా ఇండికా అన్న పేరును ఆకుల మీద ఊదా మచ్చలుండే వేరే చిన్న గడ్డమొక్కకు వాడారు. దాన్ని ఇప్పుడు లెడెబూరియా అంటున్నాం. 1939, 1940లలో టి.ఎస్. రాఘవన్, కె.ఆర్. వెంకటసుబ్బన్ దక్షిణ భారతంలోని ఈ రెండు మొక్కల క్రోమోసోములనూ విడివిడిగా పరిశీలించి ప్రచురించారు. మీరు ఉదాహరించిన సంఖ్యల్లో కొన్ని ఆ రెండవ మొక్కవేమో ఒకసారి సరిచూసుకోండి.

ఇక లెక్క సంగతి. ఉల్లి వంటి గడ్డమొక్కల క్రోమోసోములు పెద్దవి కాబట్టి లెక్కించడం సులువనుకుంటాం. నిజానికి పొడవైన క్రోమోసోములు ఒకదాని మీదొకటి పడటం వల్ల 30 ఉన్నచోట 28, 29 కనిపించడం మామూలే. అందుకే ఒక గడ్డ నుంచి కనీసం పది కణాల్లో, క్రోమోసోములు ఒకదానికొకటి తగలకుండా పరుచుకున్న కణాల్లో మాత్రమే లెక్కించండి. ప్రతి కణాన్నీ గీసి ఉంచుకోండి. ఫోటో ఒక్కటే చాలదు. సూక్ష్మదర్శిని నాబ్‌ను పైకీ కిందికీ తిప్పుతూ గీసేటప్పుడు కంటికి దొరికేవి కొన్ని ఫోటోలో దొరకవు. గీసిన తరువాత పొడవును బట్టి, సెంట్రోమియర్ అనే నడుము ఉన్న చోటును బట్టి ఒకే రకం వాటిని పక్కపక్కన పేర్చండి. గుట్టల గడ్డలో ప్రతి రకం మూడేసి చొప్పున పది వరుసలు వస్తే, మూడు పూర్తి జట్లు ఉన్నాయనడానికి అది గట్టి ఆధారం. అలా కాక కొన్ని రకాలు రెండేసి, కొన్ని నాలుగేసి వచ్చాయంటే, సంఖ్య 30 అయినా కథ వేరే అవుతుంది.

ఆ చుక్కంత తునక విషయంలో తొందరపడి ‘బి-క్రోమోసోము’, అంటే మామూలు జట్లకు అదనంగా ఉండే క్రోమోసోము, అని రాయకండి. అది నాలుగింటిలో ఏదైనా కావచ్చు. మొదటిది రంగు మరక. దృష్టితలం కాస్త మార్చగానే అది క్రోమోసోములకు పైనో కిందో తేలుతుంది. రెండవది విరిగిన ముక్క. ఇది ఒకటి రెండు కణాల్లో కనిపించి మిగతా వాటిలో కనిపించదు. మూడవది శాటిలైట్, విద్యార్థులు తరచుగా బోల్తాపడేది ఇక్కడే. న్యూక్లియోలస్ ఏర్పడే క్రోమోసోము మీద ఒకచోట సన్నని నొక్కు ఉంటుంది, దాని అవతలి కొస చిన్న గుండులా ఉంటుంది. స్క్వాష్ చేసేటప్పుడు బొటనవేలు కాస్త గట్టిగా నొక్కితే ఆ నొక్కు సాగి, మధ్యలోని సన్నని పోగు కంటికి కనిపించక, గుండు విడిగా ఉన్న క్రోమోసోములా అనిపిస్తుంది. మీ బొమ్మలో శాటిలైట్ ఉండవలసిన క్రోమోసోముల జతను చూడండి. ఒకదానికి గుండు ఉండి, రెండవదాని కొస బోసిగా ఉంటే, మీ తునక ఎక్కడిదో తేలిపోయినట్టే. ఈ మూడూ కాదని నిర్ధారించుకున్నాకే నాలుగవది, నిజమైన బి-క్రోమోసోము. అది మామూలు క్రోమోసోములలో దేనితోనూ జతకట్టదు. క్షయకరణ విభజనలో, అంటే క్రోమోసోముల సంఖ్య సగమయ్యే విభజనలో, ఒంటరిగా గానీ, తనలాంటి మరో బి-క్రోమోసోముతో జతగా గానీ ఉంటుంది. కనుక దాన్ని వేరుకొనలో కాదు, పుప్పొడి తయారయ్యే పరాగకోశంలో రుజువు చేయాలి.

మన ఎండలకు సంబంధించిన జాగ్రత్త ఒకటి చెప్పాలి. క్రోమోసోములు విడివిడిగా కనిపించేలా చేసే 8-హైడ్రాక్సీక్వినోలిన్ 0.002 మోలార్ ద్రావణంలో వేరుకొనలను మూడు నాలుగు గంటలు ఉంచమని పుస్తకాల్లో రాసేది చల్లని గదులను దృష్టిలో పెట్టుకుని. నెల్లూరులో మే నెలలో ప్రయోగశాల బల్ల మీద ఆ గొట్టాన్ని అలాగే వదిలేస్తే క్రోమోసోములు ముద్దలుగా అతుక్కుపోతాయి. చల్లటి నీళ్లు పోసిన థర్మాస్ ఫ్లాస్కులో గొట్టాన్ని దించి, 15 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంచితే సరిపోతుంది. కొందరు దానికి బదులు కోల్చిసిన్ వాడి, మరచిపోయి రాత్రంతా ఉంచేస్తారు. కోల్చిసిన్ క్రోమోసోములను లాగే కండెపోగులను కట్టకుండా ఆపుతుంది కాబట్టి, ఎక్కువసేపు ఉంచిన వేరులో కొన్ని కణాలు విభజన పూర్తిచేయలేక క్రోమోసోములను రెట్టింపు చేసుకుని కూర్చుంటాయి. అప్పుడు 20 ఉన్న మొక్కలో అక్కడక్కడా 40 కనిపించి, నాలుగు జట్లున్న చతుస్థితికం దొరికిందన్న భ్రమ కలుగుతుంది. మీ 30కి మాత్రం ఈ అనుమానం వర్తించదు, 20 రెట్టింపైతే 30 రాదు గదా! మీ గైడుకు ఈ ఒక్క మాట చెప్పి చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి, పరాగకోశాలకు వద్దాం. త్రయస్థితిక మొక్కలో ప్రతి రకం క్రోమోసోమూ మూడేసి ఉండటం వల్ల, క్షయకరణ విభజన మొదటి మధ్యస్థ దశలో మూడేసి కలిసిన ట్రైవాలెంట్లు గరిష్ఠంగా పది ఏర్పడతాయి. చాలా కణాల్లో అంత నిండుగా ఉండదు. కొన్ని ట్రైవాలెంట్లు, రెండేసి కలిసిన కొన్ని బైవాలెంట్లు, వాటి పక్కన తోడు దొరకని యూనివాలెంట్లు కలగలిసి ఉంటాయి. క్రోమోసోములు ధ్రువాలకు కదిలే చలన దశలో ఈ ఒంటరివి మధ్యలోనే వెనకబడిపోయి, చివరికి ఏ కేంద్రకంలోనూ చేరక చిన్న సూక్ష్మకేంద్రకాలుగా మిగిలిపోతాయి. ట్రైవాలెంట్లు అన్నీ చక్కగా కట్టినా సమస్య తీరదు. ఒక్కో ట్రైవాలెంట్‌లోని మూడింటిలో రెండు ఒక ధ్రువానికీ ఒకటి రెండవ ధ్రువానికీ వెళ్తాయి, ఏ వైపు రెండు వెళ్లాలన్నది ఒక్కో ట్రైవాలెంట్‌కు విడిగా తేలుతుంది. ఒక ధ్రువానికి సరిగ్గా 10 చేరాలంటే పది ట్రైవాలెంట్లూ ఒకేలా విడిపోవాలి, దానికి 1024 సార్లలో ఒక్కసారే అవకాశం. సరిగ్గా 20 చేరడానికీ అంతే. రెండూ కలిపి 512కు ఒకటి. మిగిలిన సంయోగబీజాలన్నీ, అంటే లైంగిక కణాలన్నీ, 11 నుంచి 19 మధ్య, అందులోనూ ఎక్కువ భాగం 15కు అటూ ఇటూ ఉంటాయి. అవి ఒక జట్టుకు ఎక్కువ, రెండు జట్లకు తక్కువ కాబట్టి వాటిలో పుప్పొడిగా పక్వమయ్యేవి కొద్ది, పక్వమైనా విత్తనం కట్టగలిగేవి ఇంకా కొద్ది. మీ గుట్టల మొక్కలో ఈ గందరగోళం కనిపించిందంటే త్రయస్థితికమని ధైర్యంగా రాయవచ్చు. అలా కాక 15 చక్కని బైవాలెంట్లు కనిపించి, పుప్పొడి నిండుగా ఉంటే, అది మూడు జట్ల మొక్క కాదన్నమాట. అప్పుడు మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి.

దీనికి పూమొగ్గలు కావాలి. అడవి ఉల్లికి ఆకులు లేని కాలంలో, మన ప్రాంతంలో ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో, నేలలోంచి బోసి కాడ ఒక్కటే లేచి దాని మీద మట్టిరంగు పూలు ఎడంఎడంగా పూస్తాయి. కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి కాబట్టి ఒక్క కాడ మీదే అన్ని దశల మొగ్గలూ వరుసగా దొరుకుతాయి, ఇది మీకు మేలు. అన్నిటికంటే కిందనున్న పువ్వు విచ్చుకునే రోజుకు పై కొసలోని చిన్న మొగ్గల్లో క్షయకరణ విభజన జరుగుతూ ఉండవచ్చు. కాడ మొత్తాన్ని ఆల్కహాల్ మూడు వంతులు, ఎసిటిక్ ఆమ్లం ఒక వంతు కలిపిన ద్రావణంలో అక్కడికక్కడే ముంచేయండి. కాలేజీకి తెచ్చాక ముంచుదామనుకుంటే బస్సులోనే కణాలు చెడిపోతాయి. పుప్పొడిని ఎసిటోకార్మిన్‌లో రంగు వేసి, నిండుగా ఎర్రబారినవి, ముడుచుకుపోయినవి వేరుగా లెక్కించేటప్పుడు ఒక చిక్కు ఉంది. రోహిణి కార్తె వేడికి రెండు జట్లున్న మామూలు ద్వయస్థితిక మొక్కల పుప్పొడి కూడా కొంత చెడుతుంది. అందుకని అదే రోజు కోసిన తీరపు మొక్కల పుప్పొడిని పక్కన పెట్టి పోల్చకపోతే, గుట్టల మొక్క వంధ్యత్వంలో క్రోమోసోముల వాటా ఎంతో, ఎండ వాటా ఎంతో తెలియదు.

విత్తనం కట్టని మొక్క గుంపుగా ఎలా బతుకుతోందన్న దానికి జవాబు నేలలోనే ఉంటుంది. తల్లిగడ్డ పక్కన పిల్లగడ్డలు పుడతాయి, అవి విడిపోయి కొత్త మొక్కలవుతాయి, ప్రతి ఒక్కటీ తల్లికి నకలు. పొదలకూరు వైపు తోటల్లోని మామూలు నిమ్మకు 18 క్రోమోసోములు, విత్తులేని తాహితి నిమ్మకు 27. ఆ 27 ఉన్నది రైతు అంటు కట్టినంతకాలం నిలుస్తుంది, మీ గుట్టల ఉల్లి తనంతట తానే అంటు కట్టుకుంటోంది. దీనిలో మీరు గమనించవలసిన ప్రమాదం ఏమిటంటే, ఉదయగిరి దిగువన ఒకే చోట తవ్విన గడ్డలన్నీ ఒకే తల్లి సంతానం కావచ్చు. అప్పుడు మీరు పది గడ్డలు చూసినా లెక్కకు ఒక్క మొక్కే చూసినట్టు.

త్రయస్థితికం పుట్టడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ద్వయస్థితిక మొక్కలో అప్పుడప్పుడూ క్షయకరణ జరగకుండానే 20 క్రోమోసోముల సంయోగబీజం ఏర్పడి, మామూలు 10తో కలవడం ఒకటి. చుట్టుపక్కల ఎక్కడో 40 ఉన్న చతుస్థితిక మొక్కలు ఉండి, అవి 20 ఉన్నవాటితో సంకరం చెందడం రెండవది. రెండవ దారి వినడానికి తేలికగా ఉన్నా, విత్తనంలో పిండానికి ఆహారమిచ్చే అంకురచ్ఛదం దగ్గర అడ్డుపడుతుంది. అంకురచ్ఛదంలో తల్లి జట్లు రెండు, తండ్రి జట్టు ఒకటి ఉండటం సాధారణ నిష్పత్తి. తల్లి ద్వయస్థితికం, తండ్రి చతుస్థితికం అయితే అది రెండుకు రెండు అవుతుంది. తల్లీ తండ్రీ తారుమారైతే నాలుగుకు ఒకటి అవుతుంది. రెండు సందర్భాల్లోనూ అంకురచ్ఛదం సరిగా పెరగక చాలా విత్తనాలు తాలుపోతాయి. కొన్ని మాత్రం తప్పించుకుంటాయి, ఒక్కటి తప్పించుకున్నా గడ్డ ద్వారా అది గుంపుగా విస్తరించగలదు. కాబట్టి ఉదయగిరి చుట్టుపక్కల 40 ఉన్న మొక్కల కోసం వెతకడం మీ తదుపరి పని కావాలి. అవి దొరికినా, ఎంత వెతికినా దొరకకపోయినా, ఆ ఫలితం రాయదగినదే.

సేకరణ గురించి కాస్త కటువుగానే చెబుతాను. రెండు చోట్లు చూసి ‘ఇసుకనేలకు ద్వయస్థితికం, రాతినేలకు త్రయస్థితికం’ అని ముగింపు రాస్తే ఏ పరీక్షకుడూ ఒప్పుకోకూడదు. రెండు బిందువుల మధ్య ఏ గీతైనా గీయవచ్చు. సముద్రం నుంచి పడమటికి ఒక వరుసగా వెళ్లండి: మైపాడు, నెల్లూరు చుట్టుపక్కల, ఆత్మకూరు, ఉదయగిరి. వీలైతే ప్రకాశం జిల్లాలో కొత్తపట్నం తీరం నుంచి ఒంగోలు, కనిగిరి మీదుగా మార్కాపురం వైపు రెండవ వరుస. ప్రతి చోటా గడ్డకూ గడ్డకూ మధ్య కనీసం పది మీటర్లు వదలండి. ఎక్కడ తవ్వారో జీపీఎస్ అంకెలతో రాసి, ఆకు, కాడ, కాయ ఉన్న నమూనాను ఎండబెట్టి అతికించిన హెర్బేరియం షీటుగా భద్రపరచండి. షీటు లేని క్రోమోసోము లెక్కను రేపు ఎవరూ సరిచూడలేరు. రిజర్వు అడవిలో తవ్వాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

తీరంలో ఇంకో మెలిక ఉంది. ఇసుక దిబ్బలను చదును చేసి రొయ్యల గుంటలు తవ్వడం, ఇసుకను ట్రాక్టర్లలో ఎక్కడికో తోలడం మన కళ్లముందు జరుగుతున్నదే. ఆ ఇసుకతో పాటు చిన్న గడ్డలు కూడా ప్రయాణం చేయగలవు. కాబట్టి రోడ్డు పక్కన, కట్టల మీద, కొత్తగా పోసిన మెరక మీద పెరిగిన మొక్కలను ఆ ప్రాంతపు సహజ జనాభాగా లెక్కించకండి. మందుల కోసం గడ్డలు తవ్వే చోట్లలో మిగిలినవి కూడా అసలు గుంపుకు సరైన ప్రతినిధులు కాకపోవచ్చు.

మరొక మాట, సంఖ్య సమానమైనంత మాత్రాన రెండు జనాభాలు ఒకటే అని కూడా అనుకోకండి. క్రోమోసోముల ముక్కలు తమలో తాము మారిపోయినా మొత్తం సంఖ్య మారదు, ఆ సంగతి క్షయకరణ విభజనలో నాలుగు క్రోమోసోములు ఉంగరంలా కలిసినప్పుడే బయటపడుతుంది. ఉమ్మెత్త ప్రజాతిలో, దతూరా స్ట్రమోనియంలో, జన్యుశాస్త్రవేత్త బ్లేక్స్‌లీ బృందం వేర్వేరు ప్రాంతాల మొక్కలను సంకరం చేసి ఇలాంటి తేడాలు ఎన్నో బయటపెట్టింది. ఆ మొక్కలన్నిటికీ 24 క్రోమోసోములే. మీకు ఉంగరం ఎలా ఉంటుందో ముందుగా చూసి కన్ను అలవాటు చేసుకోవాలంటే కుండీల్లో పెంచే రియో మొక్క మొగ్గలు తీసుకోండి. ఆకు పైన పచ్చగా, అడుగున ఊదాగా ఉండేది అదే. దాని 12 క్రోమోసోములూ కొసలతో కలిసి ఉంగరంగానో గొలుసుగానో కనిపిస్తాయి. ఇక సంఖ్యలోనే తేడాలు చూడాలంటే మన పెరటి పాయలకూర చాలు. దానిలో 18, 36, 54 ఉన్న మొక్కలున్నాయి. అమెరికాలోని క్లేటోనియా వర్జినికా అనే చిన్న అడవిపూల మొక్కలో 12 నుంచి దాదాపు 191 వరకు నమోదయ్యాయి. మీ 20, 30 తేడాను చూసి ఎవరూ ఉలిక్కిపడనక్కరలేదు.

జాతి ప్రశ్నకు వస్తే, మీ స్నేహితుడికి ఇలా చెప్పండి. ముందు గుట్టల మొక్క డ్రిమియా ఇండికాయేనా అని పూలు, కాయలు చూసి నిర్ధారించాలి. ఇదే ప్రజాతిలో మన దేశంలో పూలు ఒత్తుగా గుత్తికట్టే డ్రిమియా వైటీ, 1982లో వర్ణించిన నాగార్జునే వంటి ఇతర జాతులున్నాయి. ఆకులు మాత్రమే చూసి వీటిని వేరుచేయబోతే పొరపాటు తప్పదు. అది ఇండికాయే అని తేలితే, పూవులోనూ కాయలోనూ గడ్డలోనూ నిలకడైన తేడా లేకుండా క్రోమోసోముల జట్లు మాత్రమే ఎక్కువైన మొక్కను వేరే జాతిగా పిలవడం నా దృష్టిలో సరికాదు. దాన్ని అదే జాతిలోని ఒక సైటోటైప్, అంటే క్రోమోసోముల్లో మాత్రమే తేడా ఉన్న రూపం, అని రాయండి. పైగా త్రయస్థితికం అనేది ఒకే జాతిలో, వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో మళ్లీ మళ్లీ పుట్టగలదు. ఉదయగిరి గడ్డలకూ మరెక్కడో దొరికిన 30 గడ్డలకూ ఒకే మూలం ఉండనక్కరలేదు, అలాంటివాటన్నిటినీ ఒక జాతిపేరు కింద చేర్చడం ఇంకా పెద్ద పొరపాటు.

చివరగా, కణాల్లోని డీఎన్ఏ పరిమాణాన్ని యంత్రంతో కొలిచే ఫ్లో సైటోమెట్రీ చేయిస్తే ఈ శ్రమంతా తప్పుతుందా అని అడిగారు. చాలా మొక్కలను త్వరగా వడపోయడానికి అది మంచి సాధనం. 20 ఉన్నదానికీ 30 ఉన్నదానికీ డీఎన్ఏ పరిమాణం ఒకటికి ఒకటిన్నర చొప్పున తేడా ఉంటుంది కాబట్టి, లెక్కించి ఉంచిన మొక్కను పక్కన కొలతగా పెడితే వందల ఆకులను వేరుచేయవచ్చు. పత్రరంధ్రాల పొడవు కూడా కొంతవరకు పనికొస్తుంది, కానీ తేమను బట్టి, నేలను బట్టి అది మారుతుంది, దాన్ని సూచనగానే వాడండి. ఏ యంత్రమూ శాటిలైట్‌కూ బి-క్రోమోసోముకూ తేడా చెప్పదు, ట్రైవాలెంట్లను చూపదు. అందుకని ఇప్పుడున్న గడ్డలను పారేయకండి. ఒక్కో గడ్డకు ఒక్కో కుండీ, సగం ఇసుక సగం ఎర్రమట్టి, చెరిగిపోని సిరాతో చీటీ, ఆకు ఎండిపోయాక నీళ్లు పూర్తిగా ఆపడం, ఇంతే వాటికి కావలసింది. ఆ గడ్డల రసం చర్మానికి దురద పెడుతుంది, లోపలికి పోతే గుండె మీద పనిచేసే విషం, కాబట్టి కోసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకుని, కుండీలను మేకలకూ పిల్లలకూ అందని చోట పెట్టండి. మార్చిలో కాడ లేవగానే మొగ్గలు ముంచి, మొదటి మధ్యస్థ దశ బొమ్మలు ఇక్కడ పెడితే ట్రైవాలెంట్ల లెక్క కలిసి చూద్దాం.